కమాండులో ఆ చివరి ముక్క

నెహెమ్యాకి భార్య మీద కుళ్ళు. ఇది నేను కనిపెట్టిన సంగతి కాదు. పుళ్ళ స్టేషన్లో బండి ఆగి ఉండగా, అరచేతిలోని వేరుశనగ పొట్టు కిటికీలోంచి ఊదేస్తూ అతనే చెప్పాడు.

"పరాయివాళ్ళ మీదైతే నలుగురితో చెప్పుకుంటే తీరిపోద్దండి. ఇంట్లో మనిషి మీదైతే ఎవరితో చెప్పుకుంటాం?"

అని, నాతో చెప్పుకున్నాడు. మేం తాడేపల్లిగూడెంలో ఎక్కి ఏలూరు వెళ్ళే సీజన్ టికెట్ వాళ్ళం. ఆ వేసవిలో మొదలుపెట్టి వానలు వెనకబట్టేదాకా రోజుకి కాస్త చొప్పున చెప్పాడు. అతను చెబుతున్నంతసేపూ అతని భార్య ప్రసన్నకుమారి అదే బండిలో ఆడవాళ్ళ పెట్టెలో ఉండేది. ఒకే ఇంట్లోంచి బయల్దేరి ఒకే ఆఫీసుకి వెళ్ళే మనుషులు రెండు పెట్టెల్లో ఎందుకని అడిగితే, ఆమెకి అక్కడ స్నేహితులు ఉన్నారని చెప్పాడు. బండి ఏ స్టేషన్లోనైనా ఆగినప్పుడు అటునుంచి నవ్వులు వినిపిస్తే అతని మాట మధ్యలో ఆగిపోయేది. ఆ నవ్వుల్లో తన భార్య గొంతు ఉందా లేదా అని వెతికేవాడు. ఉంటే ఒక బాధ, లేకపోతే ఇంకో బాధ.

నెహెమ్యాది పెంటపాడు అవతల ఊరు. తండ్రి యేసుదాసు కాలవల్లో గుర్రపుడెక్క తీసే ముఠాకి మేస్త్రిగా ఉండేవాడు. నెహెమ్యా ఐటీఐ చదివి, గూడెంలో టీవీలు బాగుచేసే షాపులో చేరి, టీవీలు పాడవడం తగ్గాక కంప్యూటర్లకి మళ్ళాడు. ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. విప్పి, చూసి, మళ్ళీ బిగించి నేర్చుకున్నాడు. నేనూ ఏ పని నేర్చుకున్నా అలాగే నేర్చుకున్నవాణ్ణి కాబట్టి అతని మాటలు నాకు తొందరగా ఎక్కేవి. ఎక్కనివి అడిగేవాణ్ణి. అడిగితే విసుక్కునే రకం కాదు.

వాళ్ళ ఆఫీసు పవర్‌పేటలో ఒక మందుల షాపు మీద మేడ. యజమాని సత్యనారాయణమూర్తి గారిది ఉండి దగ్గర చేపల చెరువులున్న కుటుంబం. తనలాంటి రైతుల కోసమే ఆయన ఒక ఆప్ తయారు చేయిస్తున్నారు. చెరువు నీళ్ళ పరీక్ష వివరాలు ఫోన్లో వేస్తే నీళ్ళలో ఆక్సిజన్ తగ్గుతోందా, మేత ఎంత చల్లాలి, నీళ్ళు చిలికే ఏరియేటర్లు ఎప్పుడు తిప్పాలి అన్నవి ఆ ఆప్ చెబుతుంది. దాని ప్రోగ్రాం రాసే పిల్లలు నలుగురైదుగురు, పరీక్షించేవాళ్ళు ఇద్దరు. మూలన ఏసీ కింద ఒక నల్ల కంప్యూటరు. దాన్ని అందరూ పెద్ద మిషను అంటారు. అది నెహెమ్యాది. అంటే ఆఫీసుదే, కానీ దాన్ని కొనుక్కొచ్చింది అతను, వైర్లు లాగింది అతను, వేసవిలో దాని మొహాన బల్ల ఫ్యాను పెట్టింది అతను. దాని ముందున్న కుర్చీలో అతను కాక ఇంకెవరైనా కూర్చుంటే లేచేదాకా వెనకాలే నిలబడేవాడు.

ఆప్‌లో ఎంత చిన్న మార్పు చేసినా పెద్ద మిషను దాన్ని మొత్తం మళ్ళీ కట్టి ఇవ్వాలి. దాన్ని బిల్డ్ అంటారట. కట్టిన ప్రతిసారీ బిల్డ్ అనే పేరుతోనే ఒక డైరెక్టరీ పుడుతుంది. డైరెక్టరీ అంటే ఏమిటని నేను అడిగితే, బీరువాలో అర లాంటిదని, అరలో మళ్ళీ అరలు ఉంటాయని చెప్పాడు. ఆ బిల్డ్ అరలో పని జరిగేటప్పుడు వాడిన సరంజామా అంతా మిగిలిపోతుంది.

"స్లాబు పోశాక సెంట్రింగ్ చెక్కలు ఊడదీస్తాం కదండీ. మా పిల్లలు స్లాబు పోసేసి చెక్కలు అక్కడే వదిలేసి ఇంకో ఇంటికి పోతారు. ఇక వీధి నిండా చెక్కలే."

మిషనులో చోటు నిండిపోతే కొత్త బిల్డ్ కాదు. అందుకని కొన్నాళ్ళకోసారి, ఎక్కువగా శనివారాల్లో, నెహెమ్యా ఆ చెక్కలు ఊడదీసేవాడు. మిషనుకి కమాండ్లు కొట్టే నల్ల తెర ముందు కూర్చుని, ఒక్కో అరలోకి దిగి, ఏముందో చూసి, తీసేసి, బయటికి వచ్చి, పక్క అరలోకి దిగేవాడు. వాళ్ళ నాన్న ముఠా కాలవలో ఒడ్డు నుంచి ఒడ్డుకి చేత్తో పీక్కుంటూ వెళ్ళినట్టే. సగం పూట పట్టేది. అంతసేపూ ఆఫీసులో ఎవరికీ పని ఉండేది కాదు. కిందనుంచి టీ వచ్చేది, గారెలు వచ్చేవి. "నెహెమ్యా గారూ, ఇంకా ఎంతుందండీ" అని ఎవరో ఒకరు అడిగేవారు. అతను తల తిప్పకుండా వేలు ఎత్తి ఆగమన్నట్టు చూపించేవాడు. ఆ వేలు ఎత్తే వైనం రైల్లో నాకూ చూపించాడు. చర్చిలో పాస్టరు దీవించడానికి ఎత్తినట్టుంది.

ఇక ప్రసన్నకుమారి. పెళ్ళయ్యేనాటికి ఆమె ఒక ప్రైవేటు స్కూల్లో చిన్నపిల్లలకి చెప్పేది. స్కూలు మూతపడ్డాక ఇంట్లో ఊరికే ఉండలేక, పాత లాప్‌టాప్ ఒకటి ఉంటే నేర్పమని అడిగింది. నెహెమ్యా నేర్పాడు. నల్ల తెర మీద మొదటి మాట కొట్టించింది తనేనని అతను నాకు ఒకటికి పదిసార్లు చెప్పాడు. అప్పట్లో అతనికి అది గొప్ప సంతోషం. రాత్రి అన్నాలయ్యాక ఆమె "ఏవండీ, ఇది ఇలా కొడితే ఏమవుద్దండీ" అని అడగడం, అతను చెప్పడం. తరవాత తనే సత్యనారాయణమూర్తి గారితో మాట్లాడి, ఆప్‌ని ఫోన్లలో పరీక్షించే ఉద్యోగంలో చేర్పించాడు. కొన్నాళ్ళకి ఆమె అడగడం తగ్గింది. ఇంకొన్నాళ్ళకి అసలు మానేసింది. ఏదైనా తోచకపోతే తనే వెతుక్కునేది. అది తప్పని అతను అనలేడు. తను చేసిందీ అదే కదా. అయినా ఆ అడగకపోవడం దగ్గరే మొదలైందన్నాడు, ఈ కుళ్ళు.

బయటపడింది మాత్రం ఉండిలో బంధువుల గృహప్రతిష్ఠ కూడికకి అతను వెళ్ళిన రోజున. అదే రోజు మిషను నిండింది. ఆప్ రాసే ఇందుజ అనే అమ్మాయి తలపట్టుకుని కూర్చుంది. నెహెమ్యా ఫోను కూడికలో సైలెంట్‌లో ఉంది. చివరికి ప్రసన్న వెళ్ళి ఆ కుర్చీలో కూర్చుంది. ఒక లైను కొట్టింది, చదువుకుంది. ఇంకో రెండు లైన్లు కొట్టింది. లేచి వచ్చేసింది. గారెలకి కబురు చేయాలన్న ఆలోచన కూడా ఎవరికీ రాకముందే పని అయిపోయింది.

మర్నాడు నెహెమ్యా మెట్లెక్కుతుంటేనే అందరూ నవ్వుతూ ఎదురొచ్చారు. మీ ఆవిడ భలే మనిషండీ అన్నారు. ఇందుజ అయితే, "ఇక మాకు శనివారం గారెలు లేనట్టేనండి, మీ ఇంట్లోవాళ్ళే మా నోట్లో మట్టి కొట్టారు" అంది. ఆ పిల్ల సరదాకే అంది. నెహెమ్యా కూడా నవ్వాడు. ఆ నవ్వు తన ముఖం మీద పొద్దుగూకేదాకా అలాగే అతుక్కుపోయిందని, దవడలు నొప్పెట్టాయని చెప్పాడు. సాయంత్రం సత్యనారాయణమూర్తి గారు ఇద్దరినీ పిలిచి, ఇంతకంటే పెద్ద మిషను ఒకటి కొంటున్నానని, వినాయక చవితి దాటాక వస్తుందని, దాన్ని ఎవరికి అప్పజెప్పాలో అప్పుడు చెబుతానని అన్నారు. అంతకుముందైతే ఆ మాట అనాల్సిన అవసరమే ఉండేది కాదు. ఎవరికి అని ఆలోచన వచ్చిందంటేనే తన పని సగం అయిపోయిందని నెహెమ్యాకి అర్థమైంది.

అప్పటినుంచి అతను చేసిన పనులు వింటే నవ్వొస్తుంది, జాలీ వేస్తుంది. ఆఫీసునుంచి ఆమెకి ఫోనొస్తే తనే ఎత్తి, ఆమె మేడ మీద బట్టలారేస్తోందని చెప్పి పెట్టేసేవాడు. ఆమె పక్క గదిలోనే కూరగాయలు తరుగుతూ ఉండేది. ఆదివారం చర్చిలో పాటల అక్షరాలు గోడమీద వేసే ప్రొజెక్టర్ అంతవరకూ అతని చేతిలోనే ఉండేది. ఒకసారి పాస్టరు గారి భార్య "ప్రసన్నా, ఇది కాస్త చూడమ్మా" అని పిలిచినప్పుడు, అతను పక్కనే నిలబడి ఉన్నాడు. అప్పుడు పాడుతున్న పాట ఏదో కూడా తనకి గుర్తులేదన్నాడు. అన్నీ చేశాడు కానీ ఒక్కటి చేయలేదు. ఆ లైను ఏమిటి, ఎలా కొట్టావు అని ఆమెని అడగలేదు.

"అడిగితే చెప్పేది కదా?" అన్నాను నేను.

"చెప్తుందనే కదండీ అడగంది" అన్నాడు.

అడగకుండా తెలుసుకునే దారి ఒకటి ఉంది. పెద్ద మిషనులో అందరిదీ ఒకే లాగిన్. ఆ నల్ల తెర మీద ఎవరు ఏం కొట్టినా అది గుర్తుపెట్టుకుంటుంది. హిస్టరీ అని కొడితే వరసగా చూపిస్తుంది. మధ్యాహ్నం అందరూ క్యారేజీలు విప్పుకునేటప్పుడు నెహెమ్యా చేతులు కడుక్కొస్తానని చెప్పి వెళ్ళి, భార్య కొట్టిన లైన్లు చదవడం మొదలుపెట్టాడు. దొంగతనంగా చదివాడు. తన సొంత మిషను ముందు తనే దొంగలా.

ఆమె మూడు మెట్లలో చేసింది. మొదటి లైనులో ఫైండ్ అనే మాటతో, బిల్డ్ పేరున్న అరలన్నీ వెతికి ఊరికే చూపించమంది. రెండో దాంట్లో ఒక్కోటి ఎంత చోటు తింటోందో అడిగింది. మూడోది మొదటిదే, చూపించమన్న చోట తీసేయమని మార్చింది. మధ్యలో ప్రూన్ అని ఒక చిన్న మాట ఉంది. ఆ మాటని నెహెమ్యా మళ్ళీ చదివాడు. ఎందుకంటే, అంతకు చాలాకాలం ముందే అతనూ ఒకసారి ఫైండ్‌తో ప్రయత్నించాడు. అప్పుడు మిషను ప్రతి బిల్డ్ అర లోపలికీ దిగి, అందులోని చిల్లరంతా ఒక్కోటీ తడుముతూ కూర్చుంది. పైగా ఒక అరని తీసేశాక మళ్ళీ దాని లోపలికే వెళ్ళబోయి, అది లేదేమని తెర నిండా ఫిర్యాదులు చేసింది. భయపడి ఆపేశాడు. చేతి పనే నయమనుకున్నాడు. ప్రూన్ అంటే, కావలసిన పేరు కనపడగానే లోపలికి దిగకు, గుమ్మం దగ్గరే ఆగు అని చెప్పడమట. పారేయబోయే గంపలో ఒక్కో చేపనీ పైకి తీసి చూడడం ఎందుకు, గంపతోసహా ఎత్తెయ్ అన్నట్టు.

"అంత చిన్న మాటండి" అన్నాడు నెహెమ్యా. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నువ్వుగింజంత చోటు చూపించి.

ఆ మూడో లైనుకి తోకలా ఇంకో ముక్క ఉంది. ఫలానా దారిలో ఉన్నదాన్ని వదిలెయ్ అని దాని అర్థం. నెహెమ్యా దాన్ని సరిగ్గా చదవను కూడా చదవలేదు. ఇది షోకుకి పెట్టింది అనుకున్నాడు. పనంతా ప్రూన్‌లో ఉన్నప్పుడు ఈ ముక్క ఎందుకు, దీనివల్ల మిషను ప్రతి అర దగ్గరా ఆగి ఇదేనా కాదా అని ఆలోచించాలి, ఇది లేకపోతే ఇంకా తొందరగా అవుతుంది అనుకున్నాడు. అలా అనుకున్నాక రెండు రోజులు మనిషికి ప్రాణం తేలికపడింది. భార్య చేసినదాంట్లో ఒక తప్పు దొరికింది. ఆ రెండు రోజులూ బండిలో నాకు జామకాయలు కొనిపెట్టాడు.

మళ్ళీ మిషను నిండిన రోజు సత్యనారాయణమూర్తి గారు ఆఫీసులోనే ఉన్నారు. వినాయక చవితికి ఇంకా కొద్ది రోజులే ఉంది. చోటు లేదని ఇందుజ అనగానే ప్రసన్న కుర్చీ వెనక్కి జరిపిన చప్పుడు అతనికి వినిపించింది. ఆమె లేచేలోపే అతను వెళ్ళి కూర్చున్నాడు. ముందు చూపించమని అడగలేదు. ఎంత చోటు తింటోందని అడగలేదు. ఇన్నేళ్ళూ ఒక్కో అరలోకి దిగి కళ్ళారా చూడనిదే ఏదీ తీసి ఎరగని మనిషి, ఆ రోజు ఏమీ చూడకుండా, చివరి ముక్క కత్తిరించిన లైను కొట్టి ఎంటర్ నొక్కాడు.

ఆమెకంటే ముందే అయిపోయింది. సత్యనారాయణమూర్తి గారు "అదేమిటయ్యా అప్పుడే" అన్నారు. ఎవరో చప్పట్లు కొట్టారు. నెహెమ్యా కుర్చీలోనే వెనక్కి తిరిగి ప్రసన్న వైపు చూశాడు. ఆమె కూడా చప్పట్లు కొడుతోంది. అది మాత్రం తనకి నచ్చలేదన్నాడు. ఆమెకి కాస్త మొహం చిన్నబోతే బాగుండేదట.

మర్నాడు పొద్దున వీరాస్వామి వచ్చాడు. వీరాస్వామి ఆఫీసు తరఫున కొల్లేరు లంక ఊళ్ళు తిరిగే ముసలాయన. మోపెడ్ మీద వెళ్ళి రైతులకి ఆప్ వేసిపెట్టి, ఎలా వాడాలో చూపించి వస్తాడు. ఆ ఊళ్ళల్లో చెరువు గట్ల మీద సిగ్నల్ నిలవదు. పైగా చాలామందివి పాత ఫోన్లు, కొత్త ఆప్ వాటిలో ఎక్కదు. వాళ్ళకోసం పాత ఆప్ ఒకటి పెద్ద మిషనులో అలాగే ఉంచారు. వీరాస్వామి వచ్చి కేబుల్ పెట్టి దాన్ని తన ఫోన్లోకి లాక్కుని, గట్టు మీద ఒక ఫోన్లోంచి ఇంకో ఫోన్లోకి ఇచ్చి వస్తాడు. తిరిగొచ్చాక చెరిపేస్తాడు, ఆ ఫోన్లో చోటంతా మనవడి వీడియోలకే చాలదు. ఆ పాత ఆప్ ఉన్నది దాన్ని కట్టిన చోటే, దాని బిల్డ్ అరలోనే. వేరే చోటికి మారిస్తే ముసలాయనకి దారి తెలియదని నెహెమ్యాయే దాన్ని అక్కడ ఉండనిచ్చాడు. పై నుంచి మూడో అర, అందులో రెండోది, అందులో మొదటిది అని నోటికి నేర్పాడు. చేత్తో శుభ్రం చేసే రోజుల్లో ఆ అర దగ్గరికి రాగానే పక్కకి తప్పుకునేవాడు. ఈ సంగతి ఇంకెవరికీ చెప్పలేదు. ఎప్పుడో ఒక రాత్రి అన్నం తింటూ ప్రసన్నకి చెప్పాడు, అంతే.

వీరాస్వామి కేబుల్ పెట్టి చాలాసేపు చూసి, నెహెమ్యా దగ్గరికి వచ్చి మెల్లగా, "బాబూ, మనది కనపడట్లేదండి" అన్నాడు.

మనది అన్నాడు. ఆ మాట చెబుతున్నప్పుడు నెహెమ్యా కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. దెందులూరు వచ్చి వెళ్ళిపోయింది.

ఆ నల్ల తెర దగ్గర చెత్తబుట్ట ఉండదట. తీసేసింది తీసేసినట్టే. మళ్ళీ కడదామంటే, అప్పట్లో దాన్ని కట్టడానికి వాడిన సామాను ఇప్పుడు ఇంటర్నెట్‌లో దొరకడం లేదని ఇందుజ చెప్పింది. అవతల వారం రోజులుగా ముసురు. ఎండ లేకపోతే చెరువుల్లో ఆక్సిజన్ పడిపోతుంది, తెల్లారేసరికి చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తాయి. పాత ఫోన్ల రైతులు కొందరు వీరాస్వామి కోసమే చూస్తున్నారు. సత్యనారాయణమూర్తి గారు వచ్చి ఏమైందని అడిగారు. నిన్న శుభ్రం చేసినప్పుడు పోయినట్టుందని ఎవరో అన్నారు. ఇందుజ, పాపం ఏ దురుద్దేశమూ లేకుండానే, "అది ప్రసన్న గారి కమాండే కదండీ" అంది.

ఆ లైను నిజంగానే ప్రసన్నది. నెహెమ్యా నోరు మూసుకుంటే చాలు. కొత్త మిషను తనదే. ఆ ఆలోచన వచ్చిందా అని నేను అడగలేదు, అతనే వచ్చిందన్నాడు.

ప్రసన్న ఈలోగా మిషను దగ్గరికి వెళ్ళి హిస్టరీ తెరిచింది. నిన్నటి లైను ఆమె చదవడం, దాని చివర చూపు ఆగడం అతను చూశాడు. చూస్తున్నప్పుడే అతనికీ తెలిసింది, ఆ చివరి ముక్కలో ఉన్న దారి ఏమిటో. పై నుంచి మూడో అర, అందులో రెండోది, అందులో మొదటిది. తను అన్నం తింటూ చెప్పిన మాటని ఆమె గుర్తుపెట్టుకుని, తన ఏర్పాటు చెడకూడదని ఆ ముక్క రాసింది. షోకని తను కత్తిరించింది దాన్నే.

ఆమె తల ఎత్తి భర్తని చూసింది. తరవాత సత్యనారాయణమూర్తి గారి వైపు తిరిగి, ఎవరి తప్పనీ అనకుండా, "దొరుకుద్దండి. ఆప్ ఎక్కించుకున్న పాత ఫోను ఒక్కటి దొరికితే దాంట్లోంచి వెనక్కి లాగొచ్చు. నేను చూసుకుంటానండి" అంది.

అక్కడ నెహెమ్యా ఒంటికి కారం రాసినట్టయింది. పనిలో దాటేసింది సరే. ఇప్పుడు మంచితనంలో కూడా దాటేస్తోంది. తన తప్పు కొంగు కింద దాచిపెట్టి పదిమందిలో నిలబడుతోంది. ఇదిగానీ జరిగిపోతే జీవితాంతం ఆమె ముందు తల ఎత్తలేడు.

"ఆవిడది కాదండి. ఆవిడ రాసిందాంట్లో చివరి ముక్క నేను తీసేశాను. చూడకుండా కొట్టాను" అని అందరికీ వినపడేలా చెప్పేశాడు.

నిజాయితీపరుడని అందరూ అనుకున్నారట. సత్యనారాయణమూర్తి గారు భుజం కూడా తట్టారట. "నిజాయితీ ఏం కాదండి, కుళ్ళు. ఆవిడకి ఆ మంచిపేరు కూడా దక్కనివ్వడం ఇష్టం లేక చెప్పాను" అన్నాడు నాతో. నేను నవ్వాను. అతను నవ్వలేదు.

మొగుడూ పెళ్ళాం ఆఫీసులో ఎవరిదో బైకు తీసుకుని బయల్దేరారు. పాత ఆప్ ఉన్న ఫోను గుడివాకలంక దాటాక మరియమ్మ అనే ఆవిడ దగ్గర ఉందని వీరాస్వామి చెప్పి, తన మోపెడ్‌తో ముందు నడిచాడు. సన్నటి వాన, రెండు పక్కలా చెరువులు, గట్టు మీద జారుడు మట్టి. ఒకచోట చక్రం జారబోతే ఆమె అతని చొక్కా పట్టుకుంది. రోడ్డు బాగుపడ్డాక కూడా వదల్లేదు.

మరియమ్మ చెరువు కాపలా పాకలో ఉంది. ఫోను ఇవ్వడానికి ముందు చాలా ప్రశ్నలు వేసింది. చేపల ఫోటోలు పోవు కదా అంది, మా చెల్లి నంబరు పోదు కదా అంది. ప్రసన్న పక్కనే మంచం మీద కూర్చుని, లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని, కేబుల్ తగిలించి, ప్రతిదానికీ ఓపిగ్గా జవాబు చెబుతూ పని కానిచ్చింది. నెహెమ్యా లాప్‌టాప్ మీద చుక్కలు పడకుండా గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. మరియమ్మ అతన్ని కిందనుంచి పైదాకా చూసింది.

"నువ్వు బండి తోలడానికొచ్చావా బాబూ?"

వీరాస్వామి నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. ప్రసన్న తల ఎత్తకుండానే, "నాకు ఈ పని నేర్పింది ఈయనేనండీ" అంది. మరియమ్మ నమ్మినట్టు కనపడలేదట. అయినా ఒక పెద్ద కొర్రమీనుని తాటాకులో చుట్టి అతని చేతికే ఇచ్చింది. మోసుకెళ్ళే మనిషి అతనే అనుకుని అయ్యుండొచ్చు.

పాత ఆప్ వెనక్కి వచ్చింది. దాన్ని ఈసారి బిల్డ్ అరలో కాకుండా, వీరాస్వామి పేరుతోనే ఒక అర తెరిచి అందులో పెట్టారు. ముసలాయనకి కొత్త దారి నేర్పడానికి నెహెమ్యాకి ఒక పూట పట్టింది.

వినాయక చవితి వెళ్ళింది. కొత్త మిషను వచ్చింది. సత్యనారాయణమూర్తి గారు దాన్ని ప్రసన్నకి అప్పజెప్పారు. నెహెమ్యాని వైర్లు లాగమన్నారు. లాగాడు. బల్ల ఫ్యాను కూడా దాని మొహానే పెట్టాడు. ఆ సాయంత్రం బండి భీమడోలులో ఆగినప్పుడు ఆడవాళ్ళ పెట్టెలోంచి నవ్వు వినిపించింది. ఆవిడదేనన్నాడు, అంతే.

పోయిందా మరి అని కొన్నాళ్ళ తరవాత అడిగాను. ఎక్కడికి పోద్దండీ అన్నాడు. ఇప్పటికీ మధ్యాహ్నం చేతులు కడుక్కొస్తానని లేచి వెళ్ళి, కొత్త మిషను హిస్టరీ చదువుతున్నాడట. ఆమె ఏం కొట్టింది, ఎంత తక్కువ మాటల్లో కొట్టింది, అందులో తనకి తెలియనిది ఏముంది అని. తప్పులు వెతకడం కూడా మానలేదు. కాకపోతే ఇప్పుడు ప్రతి ముక్కా చివరిదాకా చదువుతున్నాడు.

ఒక లైనుకి ముందు హాష్ గుర్తు పెడితే మిషను దాన్ని పట్టించుకోదట, కానీ హిస్టరీలో మాత్రం ఉంచుతుందట. నిన్న మధ్యాహ్నం వరసగా చదువుకుంటూ వెళ్తే అన్నిటికంటే కింద అలాంటిది ఒకటి కనపడింది. ఇంగ్లీషు అక్షరాల్లో, మన మాటలు.

"రోజూ చూస్తున్నారని తెలుసండీ. క్యారేజీ చల్లారిపోతోంది, రండి."

ఆ మాట నాకు చెప్పి నెహెమ్యా వేరుశనగకాయ ఒకటి ఒలిచి నాకిచ్చాడు. మీరేం చేశారని అడిగాను. తనూ కింద హాష్ పెట్టి ఒక లైను కొట్టి వెళ్ళాడట. వస్తున్నానని. ఆమె పైన కొట్టిన మూడో కమాండు ఇంకా చిన్నది చేయొచ్చని.

"చేయొచ్చా నిజంగా?"

"ఏమోనండి" అన్నాడు. "ఇవాళ వెళ్ళి చూడాలి."